కడప నుంచి భుజ్‌కు ఆదిలక్ష్మమ్మ ప్రయాణం

మర్రిపాడు మండలంలో గొర్రెలు పెంచే ఆదిలక్ష్మమ్మకు యాభై ఎనిమిదేళ్లు. మేలైన పొట్టేలును ఏరాలంటే ఆమెనే పిలుస్తారు. పోయిన ఏడాది గుజరాత్‌లోని భుజ్‌లో గొర్రెల పెంపకందార్ల సభ పెడితే, పశువుల డాక్టరు ఆమె పేరు పంపించాడు. విమానం ఖర్చు సభవాళ్లదే.

టికెట్ల కోసం ఆత్మకూరు బస్టాండు దగ్గర గోపిక నడిపే నెట్ సెంటరుకు వెళ్లింది. దగ్గర్లో విమానం దొరికే కడప నుంచి భుజ్ ఎంత దూరమని అడిగితే, గోపిక కంప్యూటర్‌లో చూసి, గాలిలో సుమారు పదమూడు వందల అరవై కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం అంది. మందను తోలుకుని బద్వేలు పోవడానికే రెండు రోజులు పట్టే మనిషికి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

“నేరుగా పోయే విమానం ఉండాదా?”

“లేదు పెద్దమ్మా. రెండూ చిన్న ఎయిర్‌పోర్టులు గదా. హైదరాబాదులో ఒకసారి, ముంబైలో ఒకసారి మారాల. పొద్దున ఎక్కితే చీకటి పడేటప్పటికి చేరతావు.”

“అట్ట చెప్పు. ఇప్పుడు నమ్ముతాను,” అంది ఆదిలక్ష్మమ్మ.

ఒంటరి ప్రయాణం, భాష రాదు. దగ్గరుండి విమానం మార్పించే మనిషి దొరుకుతాడని గోపిక వీల్‌చైర్ కూడా రాయించింది. హైదరాబాదులో దిగగానే ఒక ఉద్యోగి కుర్చీ తెచ్చాడు. రోజంతా మంద వెంట తిరిగే ఆదిలక్ష్మమ్మకు అందులో కూర్చోవడం సిగ్గనిపించింది. అతన్ని పంపేస్తే దారి తెలియదు. చివరికి తన మూటను కుర్చీలో పెట్టి పక్కన నడిచింది. ఆమె అడుగును అందుకోలేక అతనే ఆయాసపడ్డాడు.

ముంబైలో భుజ్ విమానం మూడు గంటలు ఆలస్యమన్నారు. జనం కౌంటరు దగ్గర గొడవపడుతుంటే ఆమె మూట విప్పి సజ్జరొట్టె తీసింది. పక్కన నల్ల ఉన్ని శాలువా కప్పుకున్న ఒకామె కూడా సజ్జరొట్టే తింటోంది. ఇద్దరూ ఒకరి రొట్టె ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆమె పేరు జీవీబెన్, భుజ్ పక్కన ఊరు. ఫోనులో తన గొర్రెలను చూపించింది. ఒక పొట్టేలు ఫోటో రాగానే ఆదిలక్ష్మమ్మ దాని వెనకకాళ్ల మీద వేలు పెట్టి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. జీవీబెన్ నిర్ఘాంతపోయి, దాని పిల్లలన్నీ కుంటుతున్నాయని రెండు వేళ్లను కుంటుతున్నట్టు నడిపించి చూపింది. తర్వాత మూడు గంటలు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు సభకు జీవీబెన్ పదిమంది ఆడవాళ్లను, నాలుగు పొట్టేళ్లను తీసుకొచ్చింది. వేదికెక్కి మాట్లాడటం చేతకాని ఆదిలక్ష్మమ్మ, వాకిట్లో ఒక్కో పొట్టేలునూ నడిపించి, కాళ్లూ పళ్లూ చూసి, దేన్ని ఉంచుకోవాలో చెప్పింది. తెలుగు తెలిసిన ఒకాయన హిందీలోకి మార్చి చెప్పాడు. మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయి, అందరూ వాకిట్లోకే వచ్చేశారు.

తిరిగొచ్చాక గోపిక దగ్గరికి వెళ్లి, మొత్తం పద్నాలుగు గంటలు పట్టిందని తృప్తిగా చెప్పింది. ఈ మాఘంలో జీవీబెన్ మర్రిపాడు వస్తోంది. కడపకు ఎదురెళ్లి తీసుకొస్తానని ఆదిలక్ష్మమ్మ ఇప్పటికే ఊరంతా చెప్పేసింది.