బాపుకు నేను చెప్పిన సినిమా

మలయాళం సినిమాను తెలుగు డబ్బింగులో చూసేవాళ్లంటే నాకు చిన్నచూపు. కొండల్లో రబ్బరు చెట్లకు గాట్లు పెట్టుకుని బతికే ముసలాయన నోట్లోంచి "మీరేమీ ఆందోళన చెందవలసిన అవసరం లేదు" అని వస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఆ మనిషి దగ్గు, ఆయాసం, మాట మధ్యలో మింగే గుటక, అన్నీ తీసి పారేసి, ఏసీ గదిలో కూర్చున్న ఎవరిదో నున్నటి గొంతు అతికిస్తారు. గొంతు పోయాక ఇంక నటుడిలో మిగిలేదేముంది అని ఆఫీసులో అందరితో వాదించేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ పిచ్చి లాక్‌డౌన్‌లో మొదలైంది. నేను చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఒక కొరియర్ ఆఫీసులో పని చేస్తాను. ఆఫీసు మూతపడి ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్లో ఒక మలయాళం సినిమా కనిపించింది. అందులో ఒక పోలీసు ఇంటికొచ్చి, తన యూనిఫాం తనే ఉతుక్కుని, దండెం మీద ఆరేసుకుని, భార్య పెట్టిన చల్లారిన అన్నం మాట్లాడకుండా తిన్నాడు. అంతే. అయిదు నిమిషాలు ఇంకేం జరగలేదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత వారానికి రెండు మూడు తక్కువ కాకుండా చూశాను. ట్రైలర్లు చూసేవాణ్ణి కాదు, కథ ముందే తెలిస్తే నామోషీ. ఆఫీసులో పక్క సీటాయన "మన సినిమాలు నీ కండ్లకు ఆనయా భాయ్" అని ఎత్తిపొడిచేవాడు.

అన్నీ నెత్తిన పెట్టుకున్నానని కాదు. ఈ రెండు మూడేళ్లలో వచ్చిన వాటితో నాకు చాలా పేచీలున్నాయి. ఒకప్పుడు చెంపదెబ్బ ఒక్కటి కొడితే సినిమా అంతా దాని నొప్పి ఉండేది. ఇప్పుడు వాళ్లూ గొడ్డళ్లు పట్టుకుని బక్కెట్ల కొద్దీ రక్తం పోస్తున్నారు, మనల్ని చూసే నేర్చుకున్నట్టున్నారు. ఇంకొన్నిటికి వేరే జబ్బు. బాధను చూపించడం వేరు, తమ బాధను చూసుకుని తామే మురిసిపోవడం వేరు. వాన, కిటికీ, కిటికీ దగ్గర ఒక మనిషి, వెనక నుంచి వయొలిన్. రెండోసారి ఆ కిటికీ వచ్చిందంటే నేను టీకి లేస్తాను.

బాపు, అంటే మా నాన్న, ఈ సినిమాల్లోకి తనంతట తనే వచ్చాడు. గౌలిపురలో మా తాతల నాటి నుంచి బర్రెలే మా బతుకు. బర్రెలు పోయాక బాపుకు పొద్దు పోయేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను టీవీలో సినిమా పెట్టుకుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. తెర మీద హీరో పాలు పిండుతున్నాడు.

"గట్ల గుంజుతే తంతది. వీడు ఎన్నడు పొదుగు పట్టినోడు కాదు," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన లేచిపోలేదు. తెర వైపు వేలు చూపి, "గా ముసలామె ఏమంటుంది రా?" అని అడిగాడు.

కింద ఇంగ్లీషులో పడే అక్షరాలు చదివి తెలుగులో చెప్పాను. బాపు చదువు సంతకం వరకే. డబ్బింగు పెడితే ఆయనే వినేవాడు కదా అని అమ్మ అన్నది. నా పట్టుదల నాది, పెట్టనివ్వలేదు. ఆ రోజు నుంచి ఆదివారం మధ్యాహ్నాలు అదే పని. ఆయన అడగడం, నేను చెప్పడం. ఇంగ్లీషులో "నేను బాగానే ఉన్నాను" అని పడితే నేను "నాకేం ఫికర్ లేదు తియ్" అని చెప్పేవాణ్ణి. నా నోట్లో పడితే ఆ రబ్బరు తోట ముసలాయన కూడా గౌలిపుర మాటే మాట్లాడేవాడు. బాపుకు అది మస్తు నచ్చింది. హీరోకు బొజ్జ ఉండటం నచ్చింది, అన్నం కడుపు నిండా తినడం నచ్చింది. "గంత వానల గీళ్లకు పేడ పిడకలు ఎట్ల ఎండుతయ్ రా" అని ఒకటే అనుమానం. నేను చేస్తున్నదీ డబ్బింగేనని నాకు తట్టలేదు. గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నాను.

బాపు గొంతు గురించి చెప్పాలి. గల్లీ ఈ మొదట్లో నిలబడి పిలిస్తే ఆ చివర కొట్టంలో బర్రెలు లేచి నిలబడేవి. మేం పిల్లలం ఎక్కడ ఆడుకుంటున్నా ఆ గొంతు ఒక్కసారి వినబడితే చాలు, ఇంటికి పరుగు. ఆ గొంతు పోయినేడాది బొంగురుపోయింది. మూడు నెలలు మిరియాల పాలతో గడిపాం. తర్వాత దవాఖానకు పోతే గొంతులో గడ్డ అన్నారు, పరీక్షలన్నీ అయ్యాక కేన్సర్ అన్నారు. స్వరపేటికతో సహా తీసేయాలి, మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి అక్కడి నుంచే. ఇక మాట రాదు.

డాక్టరు నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. "మీ నాన్నగారికి అంతా వివరంగా చెప్పండి. గొంతు పోతుందని తప్పకుండా తెలియాలి," అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగాడు, చెప్పారా అని. చెప్పానన్నాను. బాపు పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "ఏమంటుండు డాక్టరు?" అన్నాడు.

"చిన్న గడ్డనంట బాపు. తీసేస్తరు. కొన్ని దినాలు గొంతుకు రెస్టు, గంతే."

ఇది అమ్మ, చెల్లెలు, నేను మాట్లాడుకుని అనుకున్నదే. తెలిస్తే ఆపరేషన్‌కు ఒప్పుకోడని భయం. నిజం చెప్పాలంటే నాకు అంతకంటే చిన్న భయం ఇంకొకటి ఉంది. ఆయన మొహం చూస్తూ ఆ మాట అనడం నా వల్ల కాదు.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం ఒక కొత్త సినిమా వచ్చింది. మంచి పేరున్న దర్శకుడని కథ తెలుసుకోకుండానే పెట్టాను. పడవ నడుపుకునే ముసలాయన, ముగ్గురు కొడుకులు. అరగంట కాకముందే కొడుకులు ఆసుపత్రి వరండాలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నాన్నకు రోజులు లేవు, చెప్పొద్దు అని. కింద అక్షరాలు పడుతున్నాయి. 

"ఏమంటుండ్రు?" అన్నాడు బాపు.

"జాగ కోసం లొల్లి బాపు. పంపకాలు."

ఒకసారి మొదలుపెట్టాక ఆపడానికి ఉండదు. గంటన్నర పాటు లేని కథ అల్లాను. డాక్టరును వకీలును చేశాను. మందుల చీటీని కోర్టు కాగితం చేశాను. చివర్లో ఆ ముసలాయనకు తన సంగతి తెలిసిపోయి, పడవేసుకుని, తను మాట బాకీ ఉన్న ఇళ్లన్నీ తిరిగి ఒక్కొక్కరితో మాట్లాడి వస్తాడు. పిల్లోని పెండ్లికి పిలుస్తుండు బాపు, అన్నాను. పెండ్లికి పిలిచేటోడు ఏడుస్తాడా అని బాపు అడగలేదు. కాసేపు తెర వంక చూసి, "మంచిగ తీసిండు," అన్నాడు.

ఆ సాయంత్రమే బాపు కాక ప్రస్తావన తెచ్చాడు. కాక అంటే బాపు తమ్ముడు, చాంద్రాయణగుట్ట అవతల ఉంటాడు. తొమ్మిదేళ్ల కింద గల్లీలో బర్రెలు ఉంచొద్దని లొల్లి అయినప్పుడు, ఇద్దరి బర్రెలూ తన జాగాలో కట్టుకుంటానని తోలుకుపోయాడు. ఆరు నెలలకు అన్నీ అమ్మేశాడు, బాపువి కూడా. ఆ సంగతి బాపుకు తమ్ముడి నోటి నుంచి తెలియలేదు. బర్రెను కొన్నవాడెవరో బజారులో కనబడి, మీ బర్రె మంచిగ పాలిస్తున్నదన్నా అంటే తెలిసింది. అమ్మినందుకు కాదు, తన చెవిన వేయనందుకు బాపు మాట్లాడటం మానేశాడు. ఎన్నో పండుగలు, పెండ్లిళ్లు, చావులు వచ్చి పోయాయి, ఇద్దరూ ఎదురుబొదురు కూర్చున్నా మాట లేదు.

"వానికి ఫోన్ కలుపు రా," అన్నాడు బాపు. "ఒక్క మాట అడగాలె."

ఆ రెండు మాటలకే ఆయన గొంతు గీసుకుపోతోంది. నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కాకకు అమ్మ ద్వారా అసలు సంగతి తెలుసు, ఏడుపు ఆపుకోలేని మనిషి, మొదటి నిమిషంలోనే బయటపెడతాడు.

"ఇంటికొచ్చినంక నిమ్మళంగ మాట్లాడు బాపు. డాక్టరు గొంతుకు రెస్టు ఇయ్యమన్నడు."

"గంతేనంటవా," అని ఊరుకున్నాడు. ఆయన గొంతు ఉన్న చివరి మూడు రోజులూ నేను చెప్పినట్టే పొదుపుగా మాట్లాడాడు. ఆ పొదుపు నేను చేయించాను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. బాపు కళ్లు తెరిచి, నోరు తెరిచి, చేత్తో గొంతు చూపించాడు. వస్తది బాపు, అన్నాను. వారానికి మళ్లీ చూపించాడు. వస్తది, అన్నాను. మెడకు ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటుందని డాక్టరు చెప్పాడు. పక్క మంచం ఆయన దానితో మాట్లాడుతుంటే రేడియో సరిగా పట్టనట్టు వచ్చింది. ఆ మనిషిని బాపు చాలాసేపు చూశాడు, తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చిన నెలకు నేను ఆఫీసులో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. మాట రావడం లేదు దానికి. వెంటనే బండి తీశాను. దారి పొడుగునా ప్రాణం పోయిందేమోననే అనుకున్నాను. ఇంట్లోకి పోతే బాపు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద ఆసుపత్రి వరండా, ముగ్గురు కొడుకులు, అక్కడికక్కడే ఆపి ఉంది. అన్నకు ఇష్టమైన సినిమాలే కదా, బాపుకు పొద్దు పోతుందని చెల్లెలు పెట్టిందట, తెలుగులో. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని విన్నాడట. "నాన్నగారికి ఈ విషయం తెలియనివ్వకూడదు." అదే నున్నటి ఏసీ గది గొంతు. తర్వాత తన మెడ చూపించి చెల్లెలి వంక చూశాడట. అది నాలాంటిది కాదు, చెప్పేసింది.

నేను ఎదురుగా కూర్చుని ఏదో అనబోయాను. బాపు రిమోట్ తీసుకుని, సినిమా మళ్లీ మొదలుపెట్టి, మిగతాదంతా నా ముందే చూశాడు. ముసలాయన పడవలో ఇల్లిల్లూ తిరిగి మాట్లాడుతున్నాడు. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ సినిమాను మనసులో ఎంత తిట్టానో, ఎన్ని కిటికీలు లెక్కపెట్టానో నాకే తెలుసు. ఆ రోజు ఒక్క ముక్క వదలకుండా విన్నాను. మంచి సినిమా అది. డబ్బింగు కూడా బాగానే ఉంది.

కాక పోయిన వారం వచ్చాడు, అమ్మ పిలిపించింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, సంచిలో తెచ్చిన పండ్లు ఒడిలోనే పెట్టుకుని, తల వంచుకుని చాలాసేపు ఏడ్చాడు. బాపు లేచి కూర్చున్నాడు. పెదవులు కదిపాడు. ఈ నెలల్లో ఆయన పెదవులు చదవడం ఇంట్లో నాకే బాగా వచ్చు. నాకెందుకు చెప్పలే, అంటున్నాడు. కాకతోనే అంటున్నాడు, కానీ నా ప్రాణం చివుక్కుమంది.

"నాకు సమజైతలేదు బిడ్డా, నువ్వు చెప్పు," అన్నాడు కాక, నా వైపు తిరిగి.

"అయిందేదో అయింది కాక. మనసుల ఏం పెట్టుకోకు అంటుండు," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. అలవాటుగా వచ్చేసింది.

బాపు చెయ్యి వచ్చి నా నోరు మూసింది. కొట్టలేదు. నలభై ఏళ్లు పాలు పిండిన చెయ్యి, ఎంత జబ్బు చేసినా బలం తగ్గలేదు, నా దవడ కదలనివ్వలేదు. అలా నన్ను పట్టుకునే కాక వైపు తిరిగి, మళ్లీ అదే మాటకు పెదవులు కదిపాడు. కాకకు అర్థం కాలేదు. ఇంకా మెల్లగా కదిపాడు. నాలుగోసారికి కాకకు అర్థమైంది. అప్పటికీ బాపు నా నోటి మీద చెయ్యి తీయలేదు.