పేరు లేని జబ్బుకు నా పేరు

నా వల్ల ఒక జబ్బు పుట్టింది. నవ్వకండి, దానికి నా పేరే పెట్టారు. ఆ వైభోగం ఎలా పట్టిందో చెబుతాను.

మూడేళ్ల కిందట కొత్తగూడలోని మా ఆఫీసుకు ఒక సర్కారు పని వచ్చింది. ముందు ముందు అంతుపట్టని మహమ్మారి ఏదైనా వస్తే ఆసుపత్రులు కబురు పెట్టి ఆక్సిజన్ తెప్పించుకోవడానికి ఒక యాప్ కావాలి. అప్పుడు నాకు తెలివి ఎక్కువ, బుద్ధి తక్కువ. ఫారంలో ఖాళీ గడి కనబడితే ఒళ్లు మండేది. అందుకని ప్రతి గడి పక్కనా ఎర్ర చుక్క పెట్టాను, అది నింపితేనే యాప్ ముందుకు కదులుతుంది. మొదటి గడి 'వ్యాధి పేరు'. తెలియని జబ్బు కోసం కట్టిన యాప్ ముందుగా దాని పేరే అడుగుతోందని నాకు తట్టలేదు. పరీక్షించిన ప్రతిసారీ 'డెంగీ' అని కొట్టి మురిసిపోయాం.

రిహార్సల్ కొండాపూర్‌లో ఒక బస్తీ దవాఖానలో పెట్టారు. అధికారులు వరసగా కూర్చున్నారు. ఉత్తుత్తి రోగులు మూలుగుతున్నారు. సరళ అనే నర్సు ట్యాబ్ పట్టుకుని నన్ను పిలిచింది.

"సార్, జబ్బు పేరు అడుగుతుంది. అదే తెల్వదు కద."

"తెలిశాక రాయండి సిస్టర్. అప్పటిదాకా ఆగుతుంది" అన్నాను దర్జాగా.

ఆమె మెల్లగా అంది. "కరోనల మా ఆయనను పెద్ద దవాఖానకు తీస్కపోతే గిట్లనే అన్నరు సార్. రిపోర్టుల జబ్బు పేరు వస్తెనే బెడ్డు అన్నరు. గేటు కాడ రెండు రోజులు కూసున్నం. మూడో రోజు పేరొచ్చింది. అప్పటికే ఆయన లేడు."

ఆమె నా మెడలోని ఐడీ కార్డు చూసి ఏదో టైప్ చేసింది. యాప్ సంతోషంగా ఒప్పుకుంది. గోడ మీది తెరపై అందరి ముందూ పడింది: 'వ్యాధి: సుధాకర్. సుధాకర్ వేగంగా వ్యాపిస్తోంది. సోకినవారిని విడిగా ఉంచండి.' మా మేనేజర్ నా పక్కనుంచి లేచి దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

పెద్దాఫీసరు కళ్లజోడు సర్దుకున్నారు. "ఈ సుధాకర్ ఎట్లా వస్తుందమ్మా?"

"పేరు అడుగుకుంట కూసునేటోళ్ల కాడికెల్లి వస్తది సార్."

అందరూ నవ్వారు, ఆమె తప్ప. నేనూ నవ్వాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అక్కడే కూర్చుని 'వ్యాధి పేరు' పక్కనున్న ఎర్ర చుక్క తీసేశాను. సరళ గడి ఖాళీగా వదిలి బటన్ నొక్కింది. 'ఆక్సిజన్ బండి బయలుదేరింది' అని తెర మీద వచ్చింది. ఉత్తుత్తి బండేనని ఆమెకూ తెలుసు. అయినా చాలాసేపు గేటు వైపే చూస్తూ నిలబడింది.

అందుచేత, నా పేరుగల జబ్బు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊపిరాడని మనిషిని ఏ గడీ నింపమని ఇక అడగను. అడిగితే నాకు మళ్లీ సుధాకర్ సోకుగాక.