గేరుబాక్సులో నా తెలివి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిప్లొమా పట్టా చేతికొచ్చి ఆరు నెలలైంది, మీసం సరిగా రాలేదు, ఈత అసలే రాదు. (మాది లోపలి వరి పొలాల ఊరు. మోకాలి లోతు దాటిన నీళ్లతో మాకు పనేముంది?) అయినా మైపాడు దగ్గర ఒక పడవల షెడ్డులో పనికి చేరిపోయాను. షెడ్డు యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. ఆయన పెద్దగా చదువుకోలేదు గానీ, ఇంజను చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు. నాకు ఆయనంటే గౌరవమే, కాకపోతే పట్టా లేదు కదా అని లోపల కాస్త జాలి.

అప్పుడు ఆయన జెట్ పడవ కడుతున్నాడు. దానికి బయట నీళ్లలో తిరిగే ఫ్యాను ఉండదు, వలలు చుట్టుకోవు. పడవ పొట్టలో తిరిగే ఇంపెల్లర్ కింది నీళ్లను లాగి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకు పడవ ముందుకు పోతుంది. పాత లారీ ఇంజను వేగం ఇంపెల్లర్‌కు మరీ ఎక్కువని భాయ్ మధ్యలో ఒక గేరుబాక్సు పెట్టాడు. ఇంజను వైపు చిన్న చక్రం, ఇంపెల్లర్ వైపు పెద్ద చక్రం. నా కంటికి అది ఘోరమైన తప్పుగా కనబడింది. మా పొలంలో నాన్న ఇంజనుకు పెద్ద పుల్లీ వేయగానే పంపు నీళ్లు ఎగదన్నడం నేను చూశాను. ఇదీ పంపే కదా! భాయ్ మధ్యాహ్నం నమాజుకు వెళ్లినప్పుడు రెండు చక్రాలూ తారుమారు చేసి మూత బిగించేశాను. పడవ దూసుకుపోయాక అసలు సంగతి చెప్పి మెప్పు కొట్టేయాలని నా ఎత్తు.

ఆ సాయంత్రమే పరీక్షకు బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర భాయ్, ఇంజను వేగం పెంచే రేసు లీవరు దగ్గర నేను, దారి చూపడానికి ముసలి జాలరి సరంగు తాత. వాగులో నెమ్మదిగా పోతున్నంతసేపూ పడవ గువ్వలా సాగింది. "ఈ పొద్దు బలే హుషారుగా ఉండాదే!" అన్నాడు భాయ్. నేను ఉబ్బిపోయాను.

వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు మనిషెత్తు లేస్తున్నాయి. "రేసియ్యి అబ్బయా!" అని అరిచాడు భాయ్. లీవరు తోశాను. ఇంజను గావుకేక పెట్టింది, పడవ మాత్రం ఆగిపోయింది. వెనక ఒకటే తెల్లటి నురగ. నీటి లాగుడుకు పడవ అడ్డం తిరిగి, విరిగే అలల వైపు జారుతోంది. "ఇంకా ఇయ్యి!" అన్నాడు భాయ్. ఇచ్చాను. నురగ పెరిగింది, అలలు దగ్గరపడ్డాయి. అమ్మ గుర్తొచ్చింది. లైఫ్ జాకెట్ ముడి చూసుకున్నాను. అది ముడి కాదు, ఊరికే మెలిక. చెబితే భాయ్ చంపేస్తాడు, చెప్పకపోతే సముద్రం చంపేస్తుంది. భాయ్ ఒక్కడే, సముద్రం చాలా పెద్దది.

"భాయ్, చక్రాలు మార్చేసినా!" అని ఏడుపు గొంతుతో అరిచాను.

"యాడ చక్రాలు?"

"గేరుబాక్సులోవి. పెద్దది ఇంజను పక్క పెట్టినా!"

భాయ్ స్టీరింగ్‌ను ఒడ్డు వైపు తిప్పాడు. "అయితే తగ్గియ్యి."

అలలు మీదికొస్తుంటే ఇంజను తగ్గించడమా! నా చెయ్యి ఒప్పుకోలేదు. లీవరును రెండు చేతులతో పట్టుకుని వేలాడుతున్నాను. సరంగు తాత వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. "ఇడువు సామీ, నీ అత్తగారి సొమ్మేం కాదు," అంటూ లీవరు వెనక్కి లాగాడు. కేక తగ్గింది, నురగ తగ్గింది. ఒక అల మమ్మల్ని నిలువునా తడిపి పోయింది. అప్పుడు ఇంపెల్లర్‌కు నీళ్లు దొరికాయి. పడవ గుడగుడమంటూ, నిండు చూలాలిలా మెల్లగా ఒడ్డు వైపు తిరిగింది.

"మితిమీరి తిరిగితే అది నీళ్లను పట్టదు, చిలుకుతాదంతే," అన్నాడు భాయ్ దారిలో. ఒడ్డెక్కాక తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆయన లుంగీ పిండుకుంటూ, "ఒడ్డుకొచ్చినాక చెబుదామనుకొనుంటే ముగ్గురం పోయుండేవాళ్లం. మేలు జేసినావు," అన్నాడు. ఆ మాటకు, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా బయటికి వచ్చేసింది.

ఇప్పుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో నా కింద చాలామంది పనిచేస్తున్నారు. పొరపాటు చేసినవాడు నా గది బయట చెప్పాలా వద్దా అని తచ్చాడుతుంటే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ముందు కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇస్తాను. వాడు తాగేలోపు, లీవరు పట్టుకుని ఏడుస్తున్న ఆ మీసం రాని మేధావి గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఎంత భయపడ్డాడో వెధవ!