శుక్రవారం పరుగు, ఊరి గోళీలు

మా ఆయన రోడ్డు మీద పడిపోయాడన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు గౌస్ భాయ్. కడప మనిషి. ఇక్కడ ఒమాన్‌లో, అల్ మవాలేలో మా ఆయన పనిచేసే గోడౌన్‌లోనే డ్రైవరు. ఆ శుక్రవారం పొద్దున నేను దీపం పెట్టి లేస్తుంటే తలుపు కొట్టాడు. బనీను చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతిలో మా ఆయన బూటు ఒకటి పట్టుకున్నాడు. ఒక్కటే.

"వదినా, భయపడాకండి. అన్న పడిపోయినాడు. ఆస్పత్రిలో ఉండాడు. ఆ చీరతోనే రాండి, పోదాం."

"రెండో బూటేది?" అన్నాను. అంత కబురు విని నా నోటికి వచ్చిన మాట అది.

"కాలికే ఉండాది వదినా. పిక్క రాయి మాదిరి పట్టేసింది. ఊడదీయనీయలే."

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ అల్ ఖౌద్‌లో మేమిద్దరమే ఉంటాం. నేను ఇంట్లో బట్టలు కుడతాను. బడికి పోలేదు, నాలుగు అక్షరాలు మా నాయన ఇంట్లోనే దిద్దించాడు. అందుకని రాతలో తప్పులుంటే మన్నించి విషయం మాత్రం తీసుకోండి.

మా ఆయన పేరు రాజేశం. వయసు యాభైకి దగ్గర పడుతున్నప్పుడు షుగర్ బార్డర్‌లో ఉందని చెప్పి నడవమన్నారు. నడక కాస్తా పరుగైంది. శుక్రవారం సెలవు కదా, గౌస్ భాయ్ ఫజర్ నమాజు ముగించుకొని వచ్చేవాడు, ఇద్దరూ కలిసి చీకటితోనే సముద్రం వైపు బయలుదేరేవాళ్ళు. గౌస్ భాయ్ సగం దాకా ఉరికి, మిగతా సగం నడిచేవాడు. ఈయన మాత్రం వారం వారం ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అని పెంచుకుంటూ పోయాడు. చలికాలంలో మొదలైంది, ఎండలు ముదిరినా ఆపలేదు.

"ఎవలు తరుముతున్నరని గంత ఉరుకుడు?" అని ఒకసారి అడిగాను.

"ఎవలు తరుమరే, అందుకే ఉరుకుత," అన్నాడు. "వారమంతా ఎవలో ఒకలు వెనుకనే ఉంటరు. లారీ వచ్చింది, సామాన్ దించు, జల్దీ, జల్దీ. శుక్రవారం ఒక్కటే నా అంతట నేను పోత."

ఆ మాట విన్నాక నేను మళ్ళీ అడ్డు చెప్పలేదు. ఉరికి వచ్చిన రోజు ఆయన ముఖం బాగుండేది. అది చూసి దేవునికి దండం పెట్టుకునేదాన్ని.

ఆ రోజు ఎన్నడూ పోనంత దూరం పోవాలని అనుకున్నాడట. తెల్లారేసరికే గాలిలో ఉక్క. తిరుగుదారిలో మసీదు బయట చల్లనీళ్ళ కూలర్ దగ్గర గౌస్ భాయ్ ఆగి, "రెండు గుక్కలు తాగు అన్నా," అన్నాడు. "ఆగితే మళ్ళ కాళ్ళు లేవయ్ భాయ్," అని ఈయన ఆగలేదు. జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకొని ముందుకు ఉరికాడు. కొంత దూరం పోయాక అడ్డదిడ్డంగా అడుగులు వేసి కూలబడ్డాడు. ఒక పెద్దాయన, ఒమానీ మనిషి, కారు ఆపి తన నీళ్ళ సీసాలన్నీ ఈయన తల మీద పోసి, వెనక సీట్లో పడుకోబెట్టుకొని ఆస్పత్రికి చేర్చాడు. ఆయన పేరు కూడా మేము అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి. అంత తెలివి తప్పుతూ కూడా మా ఆయన గౌస్ భాయ్‌తో అన్న మాట ఇది: "వాచ్ ఆపు భాయ్. కార్ల పోయింది గూడ ఉరుకుడు కింద లెక్కగడ్తది."

క్యాజువాలిటీలో ఒంటి మీద ఐస్ ప్యాకులు పెట్టారు. రెండు చేతులకూ ఐవీ ఎక్కించారు. కాథెటర్ వేసి సంచి తగిలిస్తే అందులోకి కొద్దిగా దిగిన యూరిన్ చిక్కటి డికాషన్ రంగులో ఉంది. డాక్టరు పాకిస్తానీ, పెద్ద వయసు మనిషి. మాకు అర్థం కావాలని ఉర్దూలో మెల్లగా మాట్లాడేవాడు. ఏవైనా మందులు వాడుతున్నావా అని అడిగాడు. మా ఆయన లేదని తల ఊపాడు. నేనూ లేదనే చెప్పాను. మాకు తెలిసింది అదే.

బ్లడ్ రిపోర్టులు వచ్చాయి. కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే చాలా ఎక్కువగా ఉందన్నారు. జబ్బు పేరు రాబ్డోమయొలిసిస్. నాకు నోరు తిరగలేదు, నర్సమ్మతో రెండుసార్లు చెప్పించుకున్నాను. కండ శక్తికి మించి కష్టపడితే కరుగుతుందట, ఆ కరిగినది రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డం పడుతుందట. ఫ్లూయిడ్స్ ఎక్కిస్తే అది కొట్టుకుపోవాలి. కిడ్నీల పని ఎట్లా ఉందో చెప్పే క్రియాటినిన్ మరునాటికి తగ్గాల్సింది, పెరిగింది. సంచిలో యూరిన్ రావడమే ఆగిపోయింది. ముఖం, చేతులు ఉబ్బాయి.

"ఇంతగా ఎందుకు దెబ్బ తిన్నాయో తెలియడం లేదు," అని డాక్టరు ఫైలు చూస్తూ తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

ఇంటికి వచ్చి, ఆయన ఒంటి మీంచి తీసి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన బట్టలు ఉతకడానికి తీశాను. నిక్కరు జేబులో చిన్న ప్లాస్టిక్ కవరు ఉంది. లోపల పేరూ ఊరూ లేని గోళీలు, తెల్లవి కొన్ని, పసుపువి కొన్ని. చూడగానే గుర్తుపట్టాను. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పుల గోళీలు. మా వైపు నుంచి ఎవరు సెలవు మీద పోయినా వచ్చేటప్పుడు పచ్చళ్ళతో పాటు ఇవి కూడా తెస్తారు. తమకు, రూమ్‌లో ఉన్నవాళ్ళకు, పక్క రూమ్ వాళ్ళకు కూడా. నడుం పట్టినా, కీలు నొచ్చినా ఒకటి వేసుకొని డ్యూటీకి పోతారు. గోడౌన్‌లో మోకాలు నొచ్చినప్పుడు ఈయన వేసుకోవడం నాకు తెలుసు. పరుగుకు కూడా వేసుకుంటున్నాడని తెలియదు.

గౌస్ భాయ్ ఆ కవరు చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో అల్లా! సోంపు అనుకుంటి వదినా. నాకు పెట్టకుండా ఒక్కడే తింటాండాడే అని మనసులో తిట్టుకుంటి."

కవరు డాక్టరు చేతిలో పెట్టాను. ఒకటి రెండు గోళీలు తిప్పి చూసి మా ఆయన వైపు వంగాడు. ఆ రోజు ఎన్ని వేసుకున్నావన్నాడు. బయలుదేరేటప్పుడు పరగడుపున, మళ్ళీ దారిలో అని ఈయన చెప్పాడు. మరి మందులు లేవన్నావే అని డాక్టరు అడిగితే, "గివి మందులెట్లయితయి డాక్టర్ సాబ్? ఊరి గోళీలు," అన్నాడు. నేను దాన్నే నాకు వచ్చిన హిందీలో చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. పెయిన్‌కిల్లర్, ఒంట్లో నీళ్ళు లేవు, పైన అంత పరుగు, కిడ్నీలు ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటాయన్నాడు. "గుర్దే థక్ గయే హైఁ, బెహన్. సో గయే హైఁ." కిడ్నీలు అలసిపోయి నిద్రపోయాయట.

"లేస్తాయా?" అన్నాను.

"చాలామందికి లేస్తాయి. అందరికీ అని చెప్పలేను," అన్నాడు.

పొటాషియం పెరిగిందని అదే రోజు మెడ దగ్గర లైన్ వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఇక రోజు విడిచి రోజు అదే పని. మిషన్ మీద ఆయన వణికేవాడు, నేను కాళ్ళు పట్టుకొని కూర్చునేదాన్ని. ఆస్పత్రికి, ఇంటికి, మళ్ళీ ఆస్పత్రికి. బస్సు సీటులో తల వాల్చి దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులున్నాయి. దేవుని ముందు కూర్చుంటే పాట గుర్తుకు రాలేదు, శ్లోకం గుర్తుకు రాలేదు. "రామా" అని ఒక్కసారి అనుకొని లేచిపోయేదాన్ని. అంతకంటే ఓపిక లేదు. ఆ దేవునికి అది చాలిందేమో.

డయాలసిస్‌లో పక్క మంచం మీద లింగయ్య ఉండేవాడు. మెట్‌పల్లి దిక్కు మనిషి, సైట్ మీద మేస్త్రీ, హమ్రియాలో రూమ్. నాకంటే చిన్నవాడు. నడుం నొప్పికి ఏళ్ళ తరబడి అవే గోళీలు వేసుకున్నాడట. మా ఆయన కథ విని ఆ నీరసంలోనూ నవ్వాడు.

"నువ్వు ఉరికి కరాబ్ చేసుకున్నవ్ అన్నా. నేను నిలవడే కరాబ్ చేసుకున్న."

అతని భార్య రాజవ్వ ఊళ్ళో ఉంది. ఫోన్‌లో అతనితో మాట్లాడి, తర్వాత నాకు ఇమ్మనేది. "అక్కా, ఆయన నాతోని అంత మంచిగనే ఉన్నదంటడు. నువ్వు ఎదురుంగ ఉన్నవు. జూసి నిజం జెప్పు."

ఏం చెప్పను? ఒకసారి "కాళ్ళు వాచినయ్ చెల్లే, కని అన్నం తిన్నడు," అన్నాను. రెండూ నిజమే. "నువ్వున్నవ్, గదే సాలు," అంది రాజవ్వ. అప్పటినుంచి నేను లింగయ్య ముఖం కూడా రోజూ చూసి గుర్తు పెట్టుకునేదాన్ని, ఆమెకు చెప్పాలి కదా.

నడుమ మా ఆయనకు చలిజ్వరం వచ్చింది. మెడలో లైన్‌కు ఇన్‌ఫెక్షన్ అన్నారు. అది తీసేసి మరోవైపు వేశారు. యాంటీబయాటిక్స్ పెట్టారు. అప్పుడు ఆయన మొదటిసారి గోడ వైపు తిరిగి, "ఇగ నాతోని గాదే," అన్నాడు. ఎంత దూరమైనా ఇంకొంచెం పోతానన్న మనిషి. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను.

జ్వరం దిగిన కొన్నాళ్ళకు నర్సమ్మ సంచి ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. "అమ్మా, దేఖో," అంది. అడుగున కొంచెం, లేత పసుపు రంగులో. మరునాడు ఇంకొంచెం. యూరిన్ చూసి చేతులు జోడించిన మనుషులు ఎంతమంది ఉంటారో తెలియదు, నేను జోడించాను. గౌస్ భాయ్ అక్కడే నిలబడి దువా చేశాడు. డాక్టరు రిపోర్టు చూసి, "జాగ్ రహే హైఁ," అన్నాడు. నిద్ర లేస్తున్నాయి. ఈ మాట విని అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది లింగయ్య. "ఒడ్డెక్కినవ్ అన్నా!" అన్నాడు. మిషన్ తిరుగుతుండగా ఒక చెయ్యే ఆడుతుంది కదా, ఆ చెయ్యిని మంచం మీద కొట్టాడు.

డయాలసిస్ ఆపేశారు. ఇంటికి వచ్చినా చాలా రోజులు గోడ పట్టుకొని నడిచాడు. క్రియాటినిన్ ఇంకా పూర్తిగా కిందికి రాలేదు, టెస్టుకు పోతూనే ఉన్నాం. డ్యూటీలో బరువులు ఎత్తడం లేదు, గోడౌన్‌వాళ్ళు లెక్క చూసే పని ఇచ్చారు, వాళ్ళకు దండం. శుక్రవారం గౌస్ భాయ్‌తో కలిసి చల్లటి పూట కొంచెం నడిచి వస్తాడు. ఎప్పుడైనా తలుపు దగ్గర ఆగి రోడ్డు వైపు చాలాసేపు చూస్తాడు. నేను చూడనట్టు ఉంటాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు ఏం మందులు వాడుతున్నావని అడిగితే, ఊరి నుంచి తెచ్చిన గోళీని కూడా, పేరు తెలియకపోయినా, కవరుతో సహా ఆయన చేతిలో పెట్టండి. నొప్పి గోళీ వేసుకొని ఎండలో కష్టం చేయకండి, పరుగైనా పనైనా.

లింగయ్యను కంపెనీవాళ్ళు ఊరికి పంపించారు. అతని కిడ్నీలు లేవలేదు. రాజవ్వ వారంలో మూడుసార్లు అతన్ని బస్సులో కరీంనగర్ తీసుకుపోయి డయాలసిస్ చేయించి తీసుకొస్తుంది. ఇప్పుడు ఎదురుగా ఆమే ఉంది, నేను ఫోన్‌లో అడుగుతున్నాను, ముఖం ఎట్లా ఉందని. నిన్న "అన్నం తిన్నడు అక్కా," అని మాత్రం చెప్పింది. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఇది చదివిన రోజు లింగయ్యను ఒక్కసారి తలుచుకోండి.