ఎడమవైపు పెట్టిన అరచెయ్యి

ఆమె పిరికిదన్న సంగతి ఆమె దాచుకోలేదు, దాచినా దాగేది కాదు. కుక్కర్ కూత వేయబోతుందంటే వంటగది బయటికొచ్చి నిలబడేది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నా సరే, లిఫ్టు ఎక్కకుండా మెట్లే ఎక్కేది. వేళ కాని వేళ ఫోన్ మోగితే, తీసేలోపు అయినవాళ్ళందరినీ మనసులో ఒకసారి చంపి బతికించేది. "మా అక్క తన నీడ తనకంటే ముందు నడిస్తే చాలు, జడుసుకుంటుంది" అని తమ్ముడు నలుగురిలోనూ ఏడిపించేవాడు. నెత్తురంటే మాత్రం ఆమెకు జంకు లేదు. ఆసుపత్రిలో గాయాలు కడిగి కట్లు కట్టడం ఆమె ఉద్యోగం. తెగినదైనా, కాలినదైనా, చీము పట్టినదైనా ఆమె చెయ్యి వణికేది కాదు. జరిగిపోయినదంటే ఆమెకు భయం లేదు. జరగబోయేదంటేనే పై ప్రాణాలు పైనే పోయేవి.

అలాంటి మనిషికి దేవుడు చూసి చూసి ఒక బాక్సర్ తమ్ముణ్ణిచ్చాడు.

అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది ఆమే. వాడు బడి ఎగ్గొట్టి జిమ్‌లో గుద్దులాడుతున్నాడని తెలిసి, చెవి పట్టుకుని లాక్కొద్దామని వెళ్ళింది. అక్కడ మాస్టారు వాడి పిడికిలికి గుడ్డపట్టీ చుట్టాలని తంటాలు పడుతున్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. పట్టీ జారుతోంది, మళ్ళీ చుడుతున్నాడు, మళ్ళీ జారుతోంది. కట్టు సరిగ్గా లేకపోతే ఆమెకు ఒళ్ళు మండేది. "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, మణికట్టు నుంచి మొదలుపెట్టి వేళ్ళ సందుల్లోంచి తెచ్చి శుభ్రంగా చుట్టేసింది. లాక్కెళ్ళడానికి వచ్చినది ఆ రోజు నుంచి అక్కడే ఉండిపోయింది. జిమ్ అంతా ఆమెను కట్లక్క అనేవారు.

మాస్టారు ఒకప్పుడు గొప్పవాడు. తనకంటే బరువైనవాళ్ళతో, తనకంటే వయసులో చిన్నవాళ్ళతో, జ్వరంతో, విరిగిన పక్కటెముకతో, ఎవరితో పడితే వాళ్ళతో, ఎలా పడితే అలా తలపడ్డవాడు. ఆయన పాత ఫొటో జిమ్ గోడ మీద ఉంది. కొన్ని పూటలు ఆయన దాని ముందు ఆగి, "వీడు బాగానే కొట్టేవాడట కదా, ఎవరు వీడు?" అని అడిగేవాడు. ఆయన చొక్కా గుండీలు కూడా కట్లక్కే పెట్టేది. మాటలు తడబడ్డా ఆయన తన పద్ధతి ఒకటి మాత్రం మరచిపోలేదు. చేతికి కట్టు కట్టినవాళ్ళ భుజం మీదే తువ్వాలు ఉండాలి. పోటీ ఆపాలనుకుంటే ఆ తువ్వాలు రింగులోకి విసరాలి. విసిరే హక్కు ఇంకెవరికీ లేదు, ఆయనకు కూడా.

ఇక కట్టు చుట్టడంలో ఆమెకు తనదైన పద్ధతి ఒకటి ఉండేది. చుట్టడం అయ్యాక అరచెయ్యి చాపేది, ఒకసారి ఎదురుగా, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. వాడు పిడికిలితో తాకేవాడు. "కుదిరిందా?" అనేది. "కుదిరిందక్కా" అనేవాడు. అప్పుడే గ్లవ్ తొడిగేది.

వాడికి జనం పెట్టిన పేరు పాదరసం. ఎవడి దెబ్బకూ దొరికేవాడు కాదు. ఎదుటివాడు గుద్దేసరికి అక్కడ ఉండేవాడు కాదు, ఉన్నచోటి నుంచి రెండు చురకలు అంటించి మళ్ళీ జారుకునేవాడు. తన బరువు తరగతిలో వాణ్ణి ఓడించినవాడు లేడు. వాడి గెలుపులన్నిట్లో ఆమెకు నచ్చింది ఒక్కటే, వాడి ముక్కు. పుట్టినప్పుడు ఎలా ఉందో ఇంకా అలాగే ఉంది.

జనానికి ఆ ముక్కే నచ్చలేదు. డబ్బు పెట్టి టికెట్టు కొన్నది ముక్కు చూడటానికా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా. జిమ్ పక్కన క్షవరం చేసే అతను ఉండేవాడు. కత్తి గొంతు మీద పెట్టి మరీ అభిప్రాయాలు చెప్పేవాడు. ఒకరోజు తమ్ముడి గడ్డం గీస్తూ అన్నాడు: "నువ్వు గెలుస్తావురా, కాదన్నదెవరు? కానీ గెలవడం వేరు, గొప్పవాడు కావడం వేరు. మీ మాస్టారు ప్రాణం ఒడ్డి కొట్టాడు, ఆయన గొప్పవాడు. నువ్వు లెక్కల మాస్టారిలా కొడతావు. పోయేదేమీ పెట్టనివాడికి వచ్చేదేముంటుంది?"

ఆ రోజు తమ్ముడు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయాడు. ఆ వారంలోనే, పై బరువు తరగతిలో ఉన్న సుత్తి అనేవాడితో పోటీకి ఒప్పుకున్నాడు. సుత్తి చేతిలో ఓడిన ఒకాయన ఆమె ఆసుపత్రికి వచ్చేవాడు. వరండాలో గోడ పట్టుకుని నడిచేవాడు. గోడ అయిపోయి తలుపు వచ్చిందంటే అక్కడే ఆగిపోయేవాడు.

"ఎందుకురా నీకిది?" అంది ఆమె.

"అందరూ పిరికివాడు అంటున్నారక్కా."

"నన్ను పుట్టినప్పటి నుంచీ అంటున్నారు. నాకేమైనా తక్కువైందా?"

"నువ్వు వేరు. నన్ను చూడటానికి జనం వస్తారు."

ఒడ్డున కూర్చున్నవాళ్ళకు ఎంత లోతైనా మోకాలి లోతే అని చెప్పాలనుకుంది. చెప్పి ఉండాల్సింది.

పోటీ రోజు సాయంత్రం, బట్టలు మార్చుకునే గదిలో వాడు బల్ల మీద కూర్చున్నాడు. మాస్టారు మూల కుర్చీలో ఉన్నాడు. బయట హాలు నిండుతున్న చప్పుడు గోడలోంచి వినిపిస్తోంది. డాక్టరు పరీక్ష ముందే అయిపోయింది. ఆమె రెండు చేతులకూ కట్లు చుట్టింది. అరచెయ్యి ఎదురుగా చాపింది, వాడు తాకాడు. కుడివైపు చాపింది, తాకాడు. ఎడమవైపు, చెవికి కాస్త దూరంలో పెట్టింది.

వాడు కదల్లేదు. ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. కాసేపాగి, "ఏంటక్కా, చెయ్యి పెట్టవేం?" అన్నాడు.

ఆమె చెయ్యి పెట్టే ఉంది.

చేతిని మెల్లగా ముందుకు జరిపింది. ముక్కు దాకా వచ్చాక గానీ వాడి కన్ను ఉలిక్కిపడలేదు. వాడికి అర్థమైంది. తల దించుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది. ముందు నల్ల చుక్కలు తేలాయి. తర్వాత పక్క నుంచి తెర దించినట్టు అయింది. కిందటి రెండు పోటీలూ అలాగే కొట్టానక్కా."

"మరి డాక్టరు?"

"కంటి పరీక్ష పలక మీది అక్షరాలు ముందే కంఠతా పట్టా."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బళ్ళో ఒక్క పద్యం కంఠతా పట్టనివాడు! ఊరంతా వీడు దెబ్బకు దూరంగా పారిపోతాడంటోంది. సగం లోకం కనిపించకుండా ఆ దూరం ఎలా కొలుచుకున్నాడో, ఏ దెబ్బ ఏ చీకట్లోంచి వస్తుందోనని ఎలా నిలబడ్డాడో! వాడు ఒడ్డనిదంటూ ఏముంది ఇంక? కంటి వెనక పొర ఊడినవాళ్ళను ఆమె ఆసుపత్రిలో చూసింది. ఇంకొక్క గట్టి దెబ్బ చాలు, ఆ కన్ను ఇక తిరిగి రాదు.

"డాక్టరును పిలుస్తాను" అని లేచింది.

వాడు కట్టు కట్టిన చేతులతోనే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "సుత్తికి జడిసి కంటిని వంకగా పెట్టాడంటారు. చచ్చేదాకా అంటారు. ఈ ఒక్కటి కొట్టనివ్వు. రేపే వచ్చి నీ ఆసుపత్రిలో పడుకుంటా. తువ్వాలు మాత్రం విసరనని మాటివ్వు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిలిస్తే వాడి పరువు, పిలవకపోతే వాడి కన్ను. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన చొక్కా చివరి గుండీతో కుస్తీ పడుతున్నాడు.

"సరే" అంది. పిరికివాళ్ళు అబద్ధమాడేది కూడా భయంతోనే.

మొదటి రౌండ్లలో వాడు ఎప్పటిలాగే జారుకున్నాడు. జనం ఎప్పటిలాగే ఈలలు వేశారు. ఆమె రింగు మూల కింద నిలబడి, తువ్వాలు రెండు కొసలూ గుప్పిట్లో బిగించి, ఊపిరి తీయడం గుర్తొచ్చినప్పుడు తీసింది. ఉన్నట్టుండి వాడు జారుకోవడం మానేశాడు. రింగు నడుమ పాదాలు పాతుకుని సుత్తితో దెబ్బకు దెబ్బ మార్చుకున్నాడు. హాలు లేచి నిలబడింది. వాడి గుద్దుకు సుత్తి మోకాలి మీద కూలి, లేచాడు. పాదరసం, పాదరసం అని పైకప్పు ఎగిరేలా అరిచారు. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "గొప్పవాడయ్యాడమ్మా వీడు!" అన్నాడు, ఒక్క మాటా తడబడకుండా.

ఆమెకు ఆ అరుపులేవీ చెవికెక్కలేదు. సుత్తిని చూస్తోంది. వాడి కుడిచేతి గుద్దు ఒకటి తమ్ముడి ఎడమ కణతను రాసుకుపోయింది. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టలేదు. సుత్తి ఒక్క క్షణం ఆగాడు. ఏదో దొరికినవాడిలా చూశాడు. ఒక అడుగు పక్కకు వేశాడు, తమ్ముడి ఎడమవైపుకి. ఇంకో అడుగు. కుడి భుజం వెనక్కి లాగాడు. తమ్ముడు ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు, ఇందాక ఆమె అరచేతి కోసం ఎదురుచూసినట్టే.

తువ్వాలు రింగులో పడింది. తన చెయ్యే విసిరిందని ఆమెకు తర్వాత తెలిసింది.

రిఫరీ దూకి మధ్యలో నిలబడ్డాడు. హాలు ఒక్కసారి చప్పబడి, ఆపైన భగ్గుమంది. సీసాలు వచ్చి పడ్డాయి. గెలుస్తున్నవాడు ఓడిపోయాడు. తమ్ముడు తువ్వాలు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "నా దగ్గర మిగిలింది ఈ పోటీ ఒక్కటేనక్కా" అన్నాడు.

విలేకరులు మైకులతో మీద పడ్డారు. "గెలుస్తున్నవాడికి తువ్వాలు ఎందుకేశారు?" నిజం చెబితే కంఠతా పట్టిన అక్షరాలన్నీ బయటికొస్తాయి. పాత గెలుపులు కూడా మోసం కిందికి పోతాయి. అంతమంది ముందు మాట్లాడటమంటే కూడా ఆమెకు భయమే.

"భయమేసింది" అంది. "నాకు. వాడికి కాదు. వాడికి భయం లేదు."

వాడు మాట నిలబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. కంటికి ఆపరేషన్ అయింది. సగం చూపు దక్కింది, తక్కిన సగం దక్కలేదు. కట్టు ఆమే మార్చేది. వాడు కట్టు మార్చనిచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు. ఇంట్లో కంచం పెడితే తినేవాడు, ఆమె ఏమైనా అడిగితే గోడకు జవాబు చెప్పేవాడు. వాడు ఇక రింగులోకి రానన్నది అక్క మీద కోపంతోనే అని జనం నిర్ణయించేశారు.

బజారులో ఆమెను చూసి గొణుక్కునేవారు. ఒకామె అయితే మొహం మీదే, "మీవాడి నోటి దగ్గరి కూడు తన్నేశావు కదమ్మా" అంది. ఆమె ఉల్లిపాయలు ఏరుకుంటూనే ఉంది. అర్ధరూపాయి ధైర్యం లేని మనిషి అంత నింద ఎలా మోసిందో అనుకుంటాం. మోయక ఏం చేస్తుంది, కింద పెడితే అది పడేది తమ్ముడి మీదే కదా.

ఒక ఉదయం మాస్టారికి గడ్డం గీయించడానికి క్షవరం అంగడికి తీసుకెళ్ళింది. అద్దం పక్కన తమ్ముడి ఫొటో కొత్తగా వేలాడుతోంది, సుత్తి మోకాలి మీద ఉన్నప్పటిది. కాసేపటికి తమ్ముడే జుట్టు కత్తిరించుకోవడానికి లోపలికొచ్చాడు. ఆమెను చూసి, వచ్చి పక్కన నిలబడ్డాడు.

"గొప్పవాడంటే నువ్వేరా" అన్నాడు కత్తి ఆడిస్తూ క్షవరం చేసే అతను. "తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. మాస్టారి తర్వాత నువ్వే. ఇదుగో, ఈవిడ పిరికితనం నీ కొంప ముంచింది గానీ."

తమ్ముడు ఫొటో వైపు చూశాడు. "అన్నా, ఆ రోజు అసలు సంగతి..." అని మొదలుపెట్టాడు.

వీడు చెప్పేస్తాడు! గోడ మీది ఫొటో దిగిపోతుంది. వాణ్ణి ఎలా ఆపాలో తోచలేదు. పాత అలవాటు కొద్దీ అరచెయ్యి చాపింది. వాడికి ఎడమవైపు, చెవికి కాస్త దూరంలో. చాపాక గుర్తొచ్చింది, అటు వాడికి కనిపించదని.

అద్దంలో ఆమె మొహం చూశాడేమో, వాడు మధ్యలో ఆగాడు. తల తిప్పలేదు. పిడికిలి లేచి మెల్లగా ఎడమకు జరిగింది. గాలిలో కాస్త వెతికింది. ఆమె అరచెయ్యి దొరికాక తాకి, అక్కడే ఆగింది.

"కుదిరిందక్కా" అన్నాడు.