కోడిపుంజు వీపు మీద సొట్ట

మొన్న తిరువళ్ళూరు వెళితే, చిన్నాన్న కొడుకు ఇనుప కొట్టు ముందర గాజుపెట్టెలో మా మేనత్త ఇనుప కోడిపుంజు కనబడింది. ఒళ్ళంతా బంగారు రంగు, నుదుట కుంకుమ. ఎవరో బేరగాడు అడిగితే వాడు ఛాతీ విరుచుకుని, "మా నాయన తన చేత్తో చేసినాడు సార్" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. చిన్నాన్నకి జన్మలో గొడుగు ఊచ అతకడం కూడా రాలేదు.

అతికింది అత్త. మామ పోయాక ఆయన గ్యాసు వెల్డింగు సామాను తీసుకుని తమ్ముడి పంచన చేరింది. కొట్టు వెనక తడిక చాటున నల్లద్దాలు పెట్టుకుని పగలంతా బండి ఇరుసులు అతికేది. చీరనిండా గ్యాసు కోసం వాడే కార్బైడు కంపు. అందుకని పిన్ని ఆమె విస్తరిని అందరికీ దూరంగా వేసేది. ముందు కూర్చుని పనిమంతుడని పేరు కొట్టేసింది మాత్రం చిన్నాన్న. తిరుత్తణి మాదా మీదా అని తెలుగు, అరవ మగవాళ్ళు వీధుల్లో గొంతులు చించుకునే రోజులవి. ఇంట్లో ఏ పని ఎవరిదో అడిగిన మగాడు ఒక్కడూ లేడు.

ఒక ఏడు ఆయుధపూజకి సుత్తులకీ తక్కెడకీ, చివరికి చీపురుకీ బొట్లు పెట్టి, అత్త వెల్డింగు టార్చిని మాత్రం పెరట్లో పడేశాడు చిన్నాన్న. "ఆడది పట్టిన సామాను పూజలో పెట్టేది యాడన్నా ఉందా అక్కా?" అన్నాడు.  మరుసటి ఏటికి అత్త పాత ఇనుములో ఏరుకుని ఈ పుంజుని చేసింది, తిరుత్తణి స్వామి జెండా మీద ఉండేదాని లాంటిది. ఒళ్ళు బండిచక్రం పట్టా, తోక విరిగిన కొడవళ్ళు. పూజ నాడు దాన్ని తీసుకొచ్చి సుత్తుల మధ్య నిలబెట్టింది.

చిన్నాన్న సమ్మెట ఎత్తాడు. వీధి వీధంతా చూస్తుండగా మూడు దెబ్బలు వేశాడు. వీపు సొట్టపోయింది గానీ ఒక్క అతుకూ వదల్లేదు. అత్త గడపలో నిలబడి, "కొట్రా, ఇంకా కొట్టు. నువ్వు నీదని చెప్పుకున్న అతుకులన్నీ ఈ చేతివే. ఇది ఊడితే రేపు ఊళ్ళో బండ్లన్నీ ఊడతాయి" అంది. బండివాళ్ళు గొల్లుమన్నారు. టార్చికి ఆ ఏడూ బొట్టు పెట్టలేదు. మర్నాడు మాత్రం ఇరుసులు తెచ్చి తడిక వెనక పడేశాడు, సిగ్గులేని మనిషి.

గాజుపెట్టె తెరిచి పుంజు వీపు తడిమాను. "మీ నాయన చేసింది ఈ సొట్ట ఒక్కటేరా" అన్నాను. "పాత కతలు ఇప్పుడేల అక్కా" అని వాడు మొహం తిప్పుకున్నాడు. కాలమే నిజాన్ని తేలుస్తుందంటారు. ఇన్నేళ్ళలో అది చేసిందల్లా, ఏటా ఆయుధపూజకి అబద్ధం మీద ఒక పూత రంగు వెయ్యడమే. అన్ని పూతల కిందా సొట్ట మాత్రం నా వేలికి తగిలింది.