ఏసుపాదం వేసిన బల్లలు

ఏసుపాదం చెట్టెక్కాడంటే కింద కుక్కలు సైతం పక్కకు తప్పుకుంటాయని రేపల్లె దగ్గరి ఆ పల్లెలో నవ్వుతూ చెప్పుకునేవారు. కాయలు దించేముందు అతను వేసే కేక అలాంటిది. అమృతలూరు దాకా కొబ్బరి తోటల రైతులు అతనికే కబురు పంపేవారు. మోకు నడుముకు బిగించాక తనకు చేతకాని పని లేదని అతని ధీమా.

తొంభైలో వచ్చిన తుపానుకు పల్లెలో సగం కొబ్బరి చెట్లు కూలాయి. లూథరన్ గుడి కప్పు కూలి, లోపలి బల్లలు నుజ్జయ్యాయి. ఏసుపాదమే కూలిన మానులు కోసి, పైన చదును చేసి, గుడి ముందు వేపచెట్టు నీడలో వరసగా పరిచాడు. ఏడాది దాటినా ఆరాధన వాటిమీదే. ఆ బల్లల్ని ఎవరు మెచ్చుకున్నా అతను మీసం సర్దుకునేవాడు.

మరుసటి వానాకాలం అతని పెరట్లో కరుణ చెట్టు మొవ్వ, నడినెత్తిన లేతాకు, వాలింది. కూతురు కరుణ పుట్టిన వారానికే భార్య కుమారి నాటించిన కొబ్బరి మొక్క అది. ఆ ఏడే తొలి గెల వేసింది.

"చెట్టుకేదన్నా అయితే పిల్లకి కూడా..." కుమారి మాట మింగేసింది.

"ఏంటే ఆ మాటలు? చెట్టు చెట్టే, పిల్ల పిల్లే."

అన్నాడు గానీ, ఎక్కేముందు కరుణ నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు.

పైన నడిమి ఆకు పట్టి లాగితే ఊడి చేతికొచ్చింది. ఆకు మొదలంతా కుళ్ళు కంపు. పక్కనే బొటనవేలు పట్టేంత రంధ్రం. ఇనప కొక్కెం దూర్చి నల్లటి కొమ్ము పురుగును బయటికి లాగాడు.

బాపట్ల నుంచి వచ్చిన వ్యవసాయాధికారి ఆ ఆకును తిప్పి చూశాడు. "పురుగు తొలిచిన గాయంలో బూజు తెగులు దిగిందయ్యా. కుళ్ళంతా చెక్కేసి మైలుతుత్తం, సున్నం కలిపి పట్టించు. బతుకుతుంది. కానీ పురుగు ఎక్కడ పుడుతోందో కనుక్కో. లేకపోతే మళ్ళీ తొలుస్తుంది. చివికిన మానుల్లో, పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుందది."

తెనాలి వెళ్ళి మైలుతుత్తం తెచ్చి పట్టించాడు. పెంటకుప్ప తిరగేశాడు. ఏమీ దొరకలేదు. ఆదివారం ఆరాధన మధ్యలో అతని మడమ బల్ల అంచులోకి మెత్తగా దిగింది. పొడి రాలింది. పొడిలో తెల్లగా, లావుగా, ముడుచుకుని ఒక పురుగు పిల్ల.

ఏసుపాదం లేచి పాస్టరు వైపు తిరిగాడు. "అయ్యగారూ, ఈ బల్లలు కాల్చేయాలండి!"

"ఒరేయ్, కూర్చోమందీ నువ్వే, లెగమనేదీ నువ్వేనా?" ముందు వరసలోంచి ముసలి మార్తమ్మ అరిచింది. "నా మోకాళ్ళు నేలకి వంగవు. నేను లెగను."

"పిన్నీ, నీ కింద పెద్ద సంసారమే ఉంది."

"నీ ఒక్క చెట్టు కోసం గుడి బల్లలు తగలెడతావా?" వెనకనుంచి ఎవరో అన్నారు.

"నా చెట్టు కోసమే! ఆ తర్వాత మీ చెట్లకీ ఇదే గతి. చూడండి."

ఖాళీగా ఉన్న మొద్దును దొర్లించాడు. అడుగున గుప్పెళ్ళకొద్దీ పురుగు పిల్లలు కదిలాయి. లేవనన్న మార్తమ్మే అందరికంటే ముందు ఎగిరింది. పిల్లలు పగలబడి నవ్వారు. అయ్యగారు అగ్గిపెట్టె తెప్పించారు. ఏసుపాదం తను కూర్చున్న మొద్దునే ముందు మంటలోకి నెట్టాడు.

ఆ సాయంత్రం తన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ గుడికి మోసుకెళ్ళి మార్తమ్మకు వేశాడు.

"ఇంటికి ఎవరన్నా వస్తే చాపేస్తావా?" అని కుమారి గొణిగింది.

"చాపకి పురుగు పట్టదులేవే."

వానలు వెనకపట్టాక కరుణ చెట్టు నుంచి కొత్త ఆకు విచ్చుకుంది. రెండు వైపులా కత్తెరతో కోసినట్టు గాట్లు.

"నాన్నా, దీన్నెవరు కత్తిరించారు?"

"మనం తీసేసిన పురుగే. లోపలున్నప్పుడే కొరికిందమ్మా. దీని తర్వాత వచ్చే ఆకు చూడు, నీ జడంత నున్నగా వస్తుంది."

కుమారి ఆ ఆకునే చూస్తూ నిలబడింది. ఏసుపాదం మోకు భుజాన వేసుకుని, కాయలు దించే పనికి పొన్నూరు బస్సుకు బయల్దేరాడు.